మెట్లను తినే పళ్లు

ఈ ప్రయాణంలో చూడాలనుకున్నవి చాలానే ఉన్నాయి. తీరిగ్గా చూసింది మాత్రం రైల్వేస్టేషన్‌లోని ఎస్కలేటర్‌ని.

రైలు ఆలస్యంగా చేరడంతో అప్పటికే చిరాకుగా ఉన్నాను. వంతెన ఎక్కాల్సిన చోట మా అక్క కొడుకు టక్కున ఆగిపోయాడు. పన్నెండేళ్లవాడు, మేధోవైకల్యం ఉంది. కదిలే మెట్లంటే వణుకు. పక్కనే లిఫ్టు ఉంది. అయినా అక్క సంచీ దించి, గోడవారగా నిలబడి, "కాసేపు చూద్దాం, తొందరేముంది?" అంది. తొందర నాకుంది!

"ఎత్తుకుని ఎక్కించేయండమ్మా, ఒక్క దెబ్బతో భయం వదులుతుంది" అన్నాడో పెద్దమనిషి. ఇలాంటి సలహాదారు ప్రతి స్టేషన్‌లోనూ ఒకరుంటారు. అలా బలవంతం చేస్తే భయం ముదరడమే కాక, ఎక్కించినవాళ్ల మీద నమ్మకమూ పోవచ్చు.

"ఏది భయం? చూపించు నాన్నా" అంది అక్క. వాడు పైకి చూపలేదు. దిగే వరసలో మెట్టు నేలలోకి దూరే చోట ఉన్న ఇనుప పళ్ల వైపు వేలు చాపి, "తింటుంది" అన్నాడు. నేనేమో ఇన్నాళ్లూ ఎత్తుకు భయపడుతున్నాడనుకున్నాను.

ఇక మా పని దిగేవాళ్ల చెప్పులు చూడటం. ఒక చిన్నపిల్ల ఆ పళ్ల మీదుగా గెంతి వెళ్లిపోతే వాడి చూపు ఆ బూట్లనే పట్టుకుంది. తోటిపిల్లలు కుక్కతో ఆడటం చూసి, కుక్కంటే భయపడే పిల్లలు ధైర్యం తెచ్చుకున్నారని 1967లోనే మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా బృందం చూపింది. అంతకుముందే, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడు ఇష్టంగా తింటుండగా కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ వాడి భయం పోగొట్టిన వైనం రాసింది. అక్క చేసేదీ అదే: ఊపిరి కుదుటపడ్డాకే ఇంకో అడుగు. వాడు అరచెయ్యి చూపితే అందరం వెనక్కి. ఆ రోజు చేత్తో పట్టుకునే కదిలే పట్టీని వేలితో తాకాడు, అంతే. అక్క చప్పట్లు కొట్టింది. లిఫ్టులో వెళ్లాం.

రోజూ పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, స్టేషన్‌కే తీసుకెళ్లింది. నా జాబితాలోని కోట అలాగే ఉండిపోయింది. చివరికి ఒక పొద్దున నా చెయ్యి, అక్క చెయ్యి పట్టుకుని పైదాకా వచ్చి, పళ్ల మీదుగా పెద్ద గెంతు గెంతాడు. వెంటనే బూట్లు చూసుకుని, "మామా, తినలేదు!" అని స్టేషనంతా వినిపించేలా అరిచాడు.

"ఇక ఎక్కడైనా ఎక్కేస్తాడుగా?" అన్నాను.

"ఇది ఈ స్టేషన్ సంగతి. ఒకచోట నేర్చింది ఇంకోచోటికి తనంతట తాను రాదు వాడికి. మన ఊళ్లో మళ్లీ చూపించాలి, దిగేది ఇంకా వేరే" అంది.

తిరుగు రైలు రోజున సామాను ఎక్కువ, టైము తక్కువ. అలాంటప్పుడు సాధన పెట్టుకోకూడదని అక్క నియమం. జనం కిక్కిరిసిన లిఫ్టు కోసం గొణుక్కుంటూ నిలబడ్డాను.