మందుల సంచీ దించి చోళ్ల మిల్లు పెట్టాను: నా అనుభవం

ఏళ్ల తరబడి నేను విజయనగరం, పార్వతీపురం ప్రాంతాల్లో ఒక మందుల కంపెనీకి మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. నెలాఖరుకు టార్గెట్ చేరడం, స్టాకిస్టును బతిమాలి సరుకు దించడం, క్లినిక్ వరండాల్లో రాత్రి పది దాకా పిలుపు కోసం కూర్చోవడం, ఇదే జీవితంగా ఉండేది. 2020లో కరోనా వచ్చాక ఆసుపత్రులు మమ్మల్ని లోపలికి రానివ్వడం మానేశాయి. కంపెనీ రెండు ఏరియాలు కలిపి ఒకరికే అప్పగించి, టార్గెట్ మాత్రం తగ్గించలేదు. మరుసటి ఏడాది చివర్లో రాజీనామా చేశాను. దేవుడి విషయంలో అప్పటికి నేను నాస్తికుణ్ణీ కాను, భక్తుణ్ణీ కాను. విజయనగరం ఊరి దేవత పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అంటే నా లెక్కలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, మూడు లాంతర్ల కూడలి వైపు బండి కదలని రోజు, అంతే.

చోళ్ల ఆలోచన క్లినిక్ వరండాలోనే పుట్టింది. ఇతర జిల్లాల వారు రాగులనే ఈ గింజ వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాల్షియం మాత్రలు సంచీలో మోసుకు తిరిగిన నాకు, అవే మాత్రలు రాసే డాక్టర్లు చోడి అంబలి తాగమని రోగులకు చెబుతుంటే వినడం కొంత వింతగానే ఉండేది. పంట మన చుట్టూ ఉన్నదే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం శ్రీచైతన్య, వేగవతి వంటి చోడి రకాలు విడుదల చేసింది. లేనిదల్లా శుభ్రమైన పిండి.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. పీఎంఎఫ్‌ఎంఈ అనే, చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్ర ప్రభుత్వం సాయం చేసే పథకం కింద, నేను దరఖాస్తు చేసినప్పటి నిబంధనల ప్రకారం, యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ వస్తుంది. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి, మిగిలింది బ్యాంకు రుణం. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ రాయితీ మన చేతికి రాదు. బ్యాంకు దాన్ని విడిగా ఉంచి, మూడేళ్ల తర్వాత ఖాతా సక్రమంగానూ యూనిట్ నడుస్తూనూ ఉంటేనే రుణంలో సర్దుబాటు చేస్తుంది. కాబట్టి మొదటి మూడేళ్లు ఆ సొమ్ము చేతికొస్తుందని లెక్క వేసుకోకూడదు. ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయడానికి ఈ పథకానికి నియమించిన జిల్లా రిసోర్స్ పర్సన్ సాయపడ్డారు. గజపతినగరం రోడ్డులో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పిండి మిషను, రాళ్లు తీసే మిషను పెట్టాను. మిగిలిన కొద్ది సొమ్ముతో, ఎందుకైనా పనికొస్తుందని, సామల పొట్టు తీసే చిన్న మిషను, హల్లర్ ఒకటి కొన్నాను. రిపోర్టులో దాని ఊసు ఒక్క వరుసలో ఉంది.

మొలకెత్తిన చోడి పిండి మీద నేను పెట్టిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. గింజలను నాలుగైదు నీళ్లు కడిగి, రాత్రంతా నానబెట్టి, నీరు ఓడ్చి గుడ్డలో మూట కడితే ఒకటిన్నర రోజుకు తెల్లటి మొలక వస్తుంది. అది గింజంత పొడవు కాకముందే ఆరబెట్టాలి; ఆలస్యమైతే పిండికి చేదు వస్తుంది, ముసురు పట్టిన రోజైతే మూటలోనే బూజు వాసన మొదలవుతుంది. ఎండిన తర్వాత అరచేతుల మధ్య నలిపి, చేటతో చెరిగితే ఎండిన మొలకలు పొట్టులా ఎగిరిపోతాయి. అప్పుడు సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టించాలి. పిండి బాగుందని అందరూ అన్నారు, కొన్నవారు మాత్రం కొందరే. నా పాత పరిచయాలున్న మందుల దుకాణాలు కౌంటరు మీద పెట్టుకున్నాయి కాని, గడువు దాటిన ప్యాకెట్లు తిరిగి నా దగ్గరికే వచ్చేవి.

2022 అక్టోబరులో, వాయిదాకు డబ్బు సర్దలేక తల పట్టుకున్న రోజుల్లో, నాకు చోళ్లు అమ్మే గంట్యాడ వైపు రైతు ఒకాయన తొలేళ్లకు రమ్మని పిలిచాడు. సిరిమానుకు ముందు రోజైన ఆ సోమవారం రాత్రి అమ్మవారి పేరిట పూజారి చేతుల మీదుగా రైతులకు గింజలు పంచుతారని, వాటిని విత్తనాల్లో కలుపుకుంటారని ఊళ్లో పుట్టి పెరిగిన నాకు తెలియకపోలేదు, కాని ఎన్నడూ నిలబడి చూడలేదు. ఆయన పిడికెడు గింజలు తువ్వాలు కొంగున ముడి వేసుకుంటుంటే, ఇవి జల్లితే పండుతుందా అని కొంచెం ఎగతాళిగానే అడిగాను. "అమ్మ ఊరికే ఇస్తాదేటి బాబూ? మన ఇత్తనం మనం బాగుచేసి ఎట్టుకోవాల, అందులో ఇయి కలపాల," అన్నాడు. నాలో విశ్వాసం మొదలైంది ఆ మాటతోనే. నెల నెలా టార్గెట్ లెక్కల్లో బతికిన నాకు, చేయవలసిందంతా చేసి, ఆపైన వానను మరొకరికి అప్పజెప్పి నిద్రపోగల మనిషి అప్పటిదాకా తారసపడలేదు. మర్నాడు జనంలో నిలబడి, ముందు నడిచే పాలధార, బెస్తవారి వల వెనుక, పూజారి కొసన కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరగడం పూర్తిగా చూశాను. ఆ తర్వాత మంగళవారాలు గుడికి వెళ్లడం అలవాటైంది. వ్యాపారం కోసం మొక్కుకోలేదు; ఆ మాట ఎందుకో నోటికి రాలేదు.

ఆ చలికాలంలోనే అదే రైతు ఒక బస్తా సామలు తెచ్చి, ఆ మూలనున్న మిషను నడుస్తుందా అని అడిగాడు. చోళ్లకు గట్టి పొట్టు ఉండదు, నేరుగా విసరవచ్చు. సామలకు, కొర్రలకు పొట్టు గింజను అంటిపెట్టుకుని ఉంటుంది. రోకటి పోటు వేసే ఓపిక ఆడవాళ్లకు తగ్గిన కొద్దీ ఇళ్లలో వాటి వాడకం, దాంతో పాటు సాగూ తగ్గాయి. హల్లర్ గింజను విసురుగా గోడకు కొట్టి పొట్టు పగలగొడుతుంది, గాలి ఆ పొట్టును ఊదేస్తుంది. గింజ తడిగా ఉంటే పొట్టు వదలదు, మరీ ఎండితే బియ్యం నూక అవుతుంది. పంటి కింద పెట్టి కొరికి చూడడమే నాకు తెలిసిన పరీక్ష. ఆ బస్తా బియ్యం ఊళ్లో పంచుకున్నారు కాబోలు, సంక్రాంతి లోపలే ఆటోల్లో బస్తాలు దిగడం మొదలైంది. శృంగవరపుకోట వైపు నుంచి కూడా వచ్చారు. కిలోకు కూలి తీసుకుంటాను, పొట్టు కావాలంటే వారికే ఇస్తాను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం వల్ల పట్నం కొనుగోలుదారులూ పెరిగారు కాని, నా వాయిదాలు కట్టింది ప్రధానంగా ఈ పల్లెల బస్తాలే.

ఇదంతా అమ్మవారి దయేనా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు, పాత సహోద్యోగులు మాత్రం అదృష్టమంటారు. హల్లర్ కొన్నది నేనే, అయినా దాని మీద నేను ఆశ పెట్టుకోలేదు. అందువల్ల ఆ ఘనత నాదని చెప్పుకోవడానికి మనసొప్పదు. సామలకూ కొర్రలకూ జల్లెడలు మార్చడానికి ఇప్పుడు ఒక పూట పోతోంది కనుక, కొర్రల కోసం విడిగా రెండో హల్లర్‌కు బ్యాంకులో దరఖాస్తు పెట్టాను. ఈసారి ప్రాజెక్టు రిపోర్టులో పిండి మిషనుకే ఒక్క వరుస దక్కింది.