గైడ్లు పక్కన పెట్టి బడ్జెట్ కాగితాలు చదివాను: నా ఐఈఎస్ ప్రిపరేషన్

రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం వైపు నుంచి ఎకనామిక్స్ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది రాస్తున్నాను. నాది రాయగడ. బరంపురం యూనివర్సిటీలో ఎం.ఏ. చేసి, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. పబ్లిక్ ఫైనాన్స్‌కి ఏ పుస్తకం చదవాలి అని చాలామంది అడుగుతున్నారు. థియరీకి మీ ఎం.ఏ.లో చదివిన మంచి పుస్తకం ఏదైనా చాలు. ఆ తర్వాత చదవాల్సినవి ప్రభుత్వం తానే అచ్చువేసే నివేదికలు. అవి ఉచితం. మన ఊళ్లో పెద్ద కోచింగ్ సెంటర్ లేదని టెన్షన్ పడాల్సిన పనిలేదు, ఢిల్లీలో చదివేవాళ్ల చేతికి వచ్చే పీడీఎఫ్ అదే రోజు మన ఫోన్లోకీ వస్తుంది.

పరీక్ష సంగతి రెండు మాటల్లో. రాతపరీక్షకు 1000 మార్కులు, ఇంటర్వ్యూకి 200. రాతపరీక్షలో ఎకనామిక్స్‌కే 800: జనరల్ ఎకనామిక్స్ మూడు పేపర్లు, ఇండియన్ ఎకనామిక్స్ ఒకటి, ఒక్కోదానికి 200. జవాబులు ఇంగ్లిష్‌లోనే రాయాలి. పన్నులు, ప్రభుత్వ ఖర్చు, అప్పు థియరీగా మూడో పేపర్లో వస్తాయి, దేశం లెక్కలుగా ఇండియన్ ఎకనామిక్స్‌లో మళ్లీ వస్తాయి.

ఏ నివేదిక తీసినా ముందు అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూసేదాన్ని. బడ్జెట్ అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టకముందు చెప్పే మాట, రాజ్యాంగం 112వ అధికరణం కింద పార్లమెంటు ముందు పెడుతుంది. ఆర్థిక సర్వే ప్రధాన ఆర్థిక సలహాదారు బృందం రాసే విశ్లేషణ. 280వ అధికరణం కింద ఏర్పడే ఆర్థిక సంఘం కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య పన్నుల వాటా చెబుతుంది. ఖర్చు అయిపోయాక తనిఖీ చేసేది కాగ్. రాష్ట్రాల బడ్జెట్లన్నిటినీ ఒకచోట చేర్చి రిజర్వ్ బ్యాంకు అధ్యయనం వేస్తుంది. ఒకే విషయం మీద వీళ్లంతా ఏమన్నారో పక్కపక్కన పెట్టి చూడటమే నా చదువులో ముఖ్యభాగం.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది ఇక్కడే. ద్రవ్య లోటు అంటే ప్రభుత్వం ఆ ఏడాది అప్పు తెచ్చి పూడ్చాల్సిన మొత్తం. 2020-21కి కేంద్రం ద్రవ్య లోటు జీడీపీలో 3.5 శాతం అని బడ్జెట్ అంచనా. ఏడాది తర్వాత సవరించిన అంచనా 9.5 శాతం. చివరికి తేలిన లెక్క 9.2 శాతం. చాలా నోట్సుల్లో "కోవిడ్ వల్ల" అని ఒక్క ముక్కతో వదిలేస్తారు. అది నిజమే, పన్నులు పడిపోయాయి, ఖర్చు పెరిగింది, జీడీపీయే తగ్గింది. కానీ ఆహార సబ్సిడీ వరుస చూడండి. అంచనా సుమారు 1.15 లక్షల కోట్లు, సవరించినది 4.22 లక్షల కోట్లు. ఉచిత బియ్యం ఒక్కదానితో ఇంత పెరగలేదు.

రేషన్ బియ్యాన్ని కేంద్ర ప్రభుత్వ ఆహార సంస్థ ఎఫ్‌సీఐ కొని, తక్కువ ధరకు ఇస్తుంది. ఆ తేడాను కేంద్రం సబ్సిడీగా చెల్లించాలి. బడ్జెట్లో సరిపడా పెట్టనప్పుడు, 2016-17 నుంచి ఎఫ్‌సీఐకి జాతీయ చిన్న పొదుపు నిధి నుంచి అప్పు ఇప్పించారు. అంటే మన అమ్మలూ పిన్నులూ పోస్టాఫీసులో దాచుకున్న డబ్బే. ఆ అప్పు ఎఫ్‌సీఐ ఖాతాలో ఉండేది కాబట్టి ద్రవ్య లోటులో కనిపించేది కాదు. కాగ్ దీన్ని ఎత్తిచూపింది. 2021 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో ఆ పద్ధతి ఆపేస్తున్నామని ఆర్థికమంత్రి ప్రకటించి, బకాయిలను బడ్జెట్లోకి తెచ్చారు. లోటు పెద్దగా కనిపించినా లెక్క శుభ్రపడింది. నా ఉద్దేశంలో ఆ ఏడాది జరిగిన చాలా మంచి పని అది. ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం, 2003 (ప్రభుత్వ లోటుకు హద్దు పెట్టేది) మీద ప్రశ్న వస్తే చట్టం లక్ష్యాలు అందరూ రాస్తారు. లక్ష్యం కాగితం మీద నిలబడి, అప్పు ఇంకో ఖాతాలోకి ఎలా వెళ్తుందో రాసేవాళ్లు తక్కువ.

రెండోది మన సరిహద్దుదే. 15వ ఆర్థిక సంఘం పంచిన పన్నుల్లో ఒడిశా వాటా 4.528 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.047. జనాభా చూసినా, విస్తీర్ణం చూసినా ఆంధ్రే పెద్దది. మరి ఒడిశాకు ఎక్కువ ఎందుకు? సూత్రంలో తలసరి ఆదాయ అంతరానికి 45 శాతం బరువు, జనాభాకూ విస్తీర్ణానికీ చెరో 15, జనాభా అదుపుకు 12.5, అడవులకు 10, పన్నుల వసూలు శ్రద్ధకు 2.5. తలసరి ఆదాయం తక్కువ, దట్టమైన అడవి ఎక్కువ, అక్కడ ఒడిశాకు కలిసొచ్చింది. పార్వతీపురంలో చదివేవాళ్లకు ఇది అన్యాయంగా అనిపించొచ్చు, వాళ్ల వాదనకూ బలముంది. ఇంటర్వ్యూలో సొంత రాష్ట్రం గురించి అడిగినప్పుడు రెండు వైపులా చెప్పగలిగాను.

చదివే వరుస అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ముందు కేంద్రం "బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్", అది చిన్నది. తర్వాత ఆర్థిక సర్వేలో ద్రవ్య అధ్యాయం, ఆర్థిక సంఘం నివేదికలో పంపిణీ అధ్యాయం. కాగ్ నివేదికలు మొత్తం చదవలేం, సారాంశం చదివి ఒక్క పేరా నోట్ చేసుకోండి చాలు. ప్రతి అంకె పక్కన అది అంచనానా, సవరించినదా, తేలిన లెక్కా అని రాసుకోండి. ఈ మూడింటినీ కలిపేస్తే జవాబంతా పాడవుతుంది.

ఇప్పుడు 2026-31 కాలానికి 16వ ఆర్థిక సంఘం వచ్చింది. 15వ సంఘం సూత్రం పక్కన దీన్ని పెట్టి, ఏ అంశం బరువు ఎంత మారిందో, ఆంధ్ర, ఒడిశా వాటాలు ఎటు కదిలాయో మీరే ఒక పేజీ రాయండి. ఓపీఎస్‌సీ (ఒడిశా రాష్ట్ర సర్వీసుల పరీక్ష) కూడా రాసేవాళ్లు ఒడిశా బడ్జెట్ ప్రసంగాన్ని ఒడియాలోనే చదవండి. ఆ పరీక్షలో ఒడియా పేపర్ తప్పనిసరి. ఇంట్లో తెలుగు, బజార్లో దేశియా మాట్లాడే మనకు ఆఫీసు ఒడియా అలవాటయ్యేది అలాగే.