రిటైరయ్యాక హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడుకోవడం: నా అనుభవం

అమెరికాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ హెచ్‌ఎస్‌ఏలో, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతాలో, డబ్బు వేస్తూ వచ్చాను. ఖర్చులు మాత్రం వీలైనంత వరకు జేబులోంచే పెట్టుకుని, బిల్లులన్నీ ఒక ఫైల్లో దాచాను. ఆ ఫైలు విలువ రిటైరయ్యాకే బాగా తెలిసొచ్చింది.

ముందుగా చూసుకోవాల్సింది మెడికేర్ తేదీ. మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. మెడికేర్ మొదలైతే హెచ్‌ఎస్‌ఏలో కొత్తగా డబ్బు వేయకూడదు. పైగా 65 దాటాక దరఖాస్తు పెడితే అందులో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఆరు నెలల దాకా వెనక్కి వెళ్లి అమలవుతుంది. నేను 2024 డిసెంబర్‌లో దరఖాస్తు పెట్టాలనుకున్నాను కాబట్టి జూన్ నుంచే మెడికేర్ ఉన్నట్టు లెక్క. అందుకే మే నెలాఖరుకే జీతంలోంచి కోత ఆపించాను. ఆ ఏడాది కుటుంబమంతటికీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు హెచ్‌ఎస్‌ఏలో వేయగల పరిమితి 8,300 డాలర్లు, 55 దాటినవాళ్లకి ఇంకో వెయ్యి. అందులో ఐదు నెలల వాటా 3,875. ఆఫీసులో వేసిన వాటాతో కలిపి అంతకు మించకుండా చూసుకున్నాను.

మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బికి 2025లో మామూలు ప్రీమియం మనిషికి నెలకు 185 డాలర్లు ఉండేది. మా ఇద్దరిదీ సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌లోంచే కట్ అవుతుంది. అంత మొత్తాన్ని హెచ్‌ఎస్‌ఏలోంచి మా బ్యాంకు ఖాతాకి మార్చుకుంటున్నాం, దాని మీద ట్యాక్స్ లేదు. మందుల కోసం ఉండే పార్ట్ డి ప్రీమియం కూడా ఇలాగే తీసుకోవచ్చు. మెడికేర్ ఇవ్వగా మిగిలిన ఖర్చుల కోసం విడిగా కొనుక్కునే మెడిగ్యాప్ పాలసీ ప్రీమియానికి మాత్రం ఈ సౌకర్యం లేదు, అది సొంత డబ్బుతోనే కట్టాలి.

అసలు పెద్ద ఖర్చు పళ్లది. ప్రభుత్వం నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ ఇంప్లాంట్లకి (దవడలో అమర్చే కట్టుడు పళ్లకి) ఇవ్వదు, ఇండియాలో చేయించుకుంటే అసలే ఇవ్వదు. హెచ్‌ఎస్‌ఏకి ఆ పట్టింపు లేదు. చట్టబద్ధమైన వైద్యమైతే ఏ దేశంలో చేయించుకున్నా చెల్లుతుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడే చేయించుకున్నాను. నా హెచ్‌ఎస్‌ఏ కార్డు అక్కడ పనిచేయలేదు. మామూలు క్రెడిట్ కార్డుతో కట్టి, తర్వాత హెచ్‌ఎస్‌ఏలోంచి అంత డబ్బు తీసుకున్నాను.

క్లినిక్‌లో ఇచ్చిన మొదటి రసీదులో ‘డెంటల్ ట్రీట్‌మెంట్’ అని, కింద ఒక మొత్తం, అంతే ఉంది.

“అమ్మా, నా పేరు, తేదీ, ఏ పన్నుకి ఏం చేశారో విడివిడిగా రాసిస్తావా?” అన్నాను కౌంటర్లో ఉన్న అమ్మాయితో.

“ఇన్సూరెన్స్‌కా అంకుల్?”

“కాదమ్మా, అమెరికాలో ట్యాక్స్ లెక్కకి.”

ఆ అమ్మాయి ఓపిగ్గా మళ్లీ టైప్ చేసి, డాక్టర్ గారి రిజిస్ట్రేషన్ నంబరు వేసి, స్టాంపు కొట్టి ఇచ్చింది. దాని పక్కనే క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పెట్టాను. రూపాయలు ఎన్ని డాలర్లయ్యాయో అందులోనే ఉంటుంది.

డాక్టర్ రాసిచ్చిన మందులు అక్కడే కొని అక్కడే వాడితే లెక్కలోకి వస్తాయి. మనం సూట్‌కేసులో సర్దుకొచ్చే బీపీ, షుగర్ మాత్రలు మాత్రం రావు. విమానం టికెట్ కూడా కలపలేదు, మేం వెళ్లింది బంధువుల ఇంట్లో పెళ్లికి.

ఆ ఏడాది ఖాతాలోంచి ఎంత తీశామో 1099-ఎస్‌ఏ అనే ఫారంలో వస్తుంది, ట్యాక్స్ కట్టేటప్పుడు ఆ మొత్తాన్ని రిటర్నుతో వేసే ఫారం 8889లో చూపించాలి. రసీదులు పంపనక్కర్లేదు, అడిగితే చూపించడానికి దగ్గరుంచుకోవాలి. పాత బిల్లులకి గడువు కూడా లేదు. ఖాతా తెరిచిన తర్వాతి ఖర్చై ఉండాలి, ఇన్సూరెన్స్ దాన్ని ఇచ్చి ఉండకూడదు, ట్యాక్స్‌లో మినహాయింపు తీసుకుని ఉండకూడదు. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు పళ్లకి క్లిప్పులు వేయించిన బిల్లు అలాగే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ డబ్బు తీసుకోవచ్చని ఎంత ధైర్యంగా ఉందో!

65 దాటాక వైద్యం కాని ఖర్చుకి తీసినా 20 శాతం పెనాల్టీ ఉండదు, ఆదాయపు పన్ను మాత్రం పడుతుంది. నామినీగా మా ఆవిడ పేరే పెట్టాను. నా తర్వాత అది ఆమె హెచ్‌ఎస్‌ఏగానే కొనసాగుతుంది. పిల్లలకి వెళ్తే ఆ ఏడాది వాళ్ల ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. అందుకే పిల్లలకి వేరే పొదుపులు ఉంచి, దీన్ని మా ఇద్దరి వైద్యానికే ముందు వాడేయాలని నిర్ణయించుకున్నాం. ఈ ఏడాది మా ఆవిడ వినికిడి మెషీన్లు కూడా ఇందులోంచే కొంటున్నాం.