మంచుపువ్వు ఎవరు కత్తిరించారు?

పడుకుందామంటే అదే గుర్తొస్తోంది, అందుకే రాస్తున్నా. చిన్నోడి బ్యాగులోంచి ఇవాళ కాగితపు మంచుపువ్వు (స్నోఫ్లేక్) బయటపడింది. ఆరు కొమ్మలూ ఒకే కొలత, అంచు ఎక్కడా చెదరలేదు. వాడికి కత్తెర ఇంకా సరిగ్గా ఆడదు, ఇది వాడు కోసింది కాదని చూడగానే అర్థమైపోయింది. "నువ్వే చేశావా నాన్నా?" అంటే, "వెనకాల పేరు నేనే రాశా" అన్నాడు. వాడికేం బాధ లేదు. నాకే గుచ్చుకుంది. వేళ్లకు పని చెప్పడానికి పెట్టిన క్లాసులో వాడి వేళ్లకే పని దొరకలేదు.

అసలు ఆ మంచుపువ్వు పిల్లల పనేనా? కాగితాన్ని సగానికి మడిచి, దాన్ని మూడు సమాన భాగాలుగా మడిచి, మళ్లీ సగానికి మడిస్తే 12 పొరలవుతాయి. పెద్దవాళ్లు కోయాలన్నా బొటనవేలు నొప్పి పుడుతుంది. మూడేళ్లప్పుడు పిల్లలు కత్తెరతో అంచులు టుక్కు టుక్కుమని కోస్తారు. నాలుగేళ్లకి తిన్నటి గీత వెంట పోగలుగుతారు. గుండ్రంగా తిప్పడం ఇంకా తర్వాత. అదీ అందరికీ ఒకే వయసులో రాదు. 12 పొరలు ముందు పెడితే ఏమవుతుంది? టీచరే కోస్తుంది. క్లాసు గోడ నిండా ఒకేలాంటి పువ్వులు.

అక్క గుర్తొచ్చింది. అక్కది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర ఎడమ చేత్తో పట్టుకుంటే పైబ్లేడు గీతకి అడ్డం వస్తుంది. పైగా ఆ చెయ్యి నొక్కే తీరుకి బ్లేడ్లు రెండూ ఎడంగా జరిగిపోతాయి. కాగితం తెగదు, మధ్యలో మడిచినట్టు ఇరుక్కుంటుంది. ఇది అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. క్రాఫ్టు పీరియడులో కత్తెర తీసి కుడిచేతిలో పెట్టేవాళ్లు. ఇంకా వంకరగా వచ్చేది. "నీ చేతికి ఒద్దిక లేదు" అన్న మాట అక్క ఎంతకాలం మోసిందో! ఇంటికొచ్చి మాత్రం పాత నోటుపుస్తకాల అట్టలు చేత్తోనే చింపేది. రెండు బొటనవేళ్లూ పక్కపక్కన ఆనించి, ఒక చెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి. ఆ చిరుగుల్ని ఒకదాని మీద ఒకటి అంటిస్తే పొగమంచు వెనకాల కొండలయ్యేవి. ఆ అంచు ఏ కత్తెరకీ రాదు. వేలికొసలతో పట్టడం, రెండు చేతులూ రెండు పనులు చెయ్యడం, ఈ పిల్లలకి నేర్పాలనుకునేదంతా ఆ చింపడంలోనే ఉంది. చలికాలం బొమ్మంటే మంచుపువ్వే కావాలా? మంచు కురవని చోట కూడా చలికాలం ఉంటుంది కదా. పొగమంచు, ఆకురాలిన కొమ్మ, ఉన్ని టోపీ చాలవా?

ముందే కోసిపెట్టిన ముక్కలు పిల్లలకి ఇవ్వనే కూడదని రాద్దామనే కూర్చున్నా. ఇంతదాకా వచ్చాక చిన్నోడి పక్కన కూర్చునే పాప గుర్తొచ్చింది. ఆ పిల్లకి వేళ్లు తొందరగా అలసిపోతాయి. కోసిన ముక్క చేతికిస్తేనే, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎలా తిప్పాలో చూసుకునే ఓపిక మిగులుతుంది. తనకి అది సాయమే. కాబట్టి ముక్కల మీద నా కోపం తీసేసుకుంటున్నా. అందరికీ ఒకే సాయం చెయ్యడం మీద మాత్రం అలాగే ఉంది. ఒకరికి నొక్కి వదిలితే తనే తెరుచుకునే కత్తెర కావాలి. ఒక చేత్తో చేసే పిల్లాడికి కాగితం బల్లకి టేపుతో అతికించి ఉంచాలి. చూపు తక్కువున్న పిల్లకి తెల్ల కాగితం మీద తెల్ల పువ్వు ఏం కనిపిస్తుంది? ముదురు నీలం అట్ట ఇవ్వాలి. మావాడికైతే పల్చటి కాగితం వేలాడిపోతుంది, కాస్త మందంగా ఉండి, ఒక్క కోతకే తెగే సన్నటి పట్టీలు చాలు.

ఆరు కొమ్మలూ అచ్చుగుద్దినట్టు ఉండాలన్న పట్టింపు ఎందుకో నాకు తెలీదు. 1885లో విల్సన్ బెంట్లీ అనే అమెరికా రైతు కెమెరాని మైక్రోస్కోపుకి బిగించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. జీవితమంతా 5000 పైగా తీశాడు. మనకి తెలిసిన అందమైన రూపం అలా వచ్చిందే. నీటి అణువుల అమరిక వల్ల ఆరు వైపులు రావడం నిజమే. కానీ కురిసే మంచులో విరిగినవి, ఒక పక్క ఎక్కువ పెరిగినవి, ఉత్త పుల్లల్లాంటివి బోలెడు.

సాయంత్రం వాడూ నేనూ కాగితం చింపి నీలం అట్ట మీద కొమ్మ చేశాం. బాగుంది. జిగురు వేలికి తగిలితే మాత్రం లేచి పారిపోతాడు. రేపు టేపు ముక్కలు సగం బయటికి ఉండేలా బల్ల అంచుకి వరసగా అతికించి పెడతా, ఒక్కొక్కటీ వాడే పీక్కుంటాడు. టీచరుగారికి కూడా ఇదే రాసి పంపాలి, టేపు సంగతి, పట్టీల సంగతి. కోపం గురించి రాయను.