ఊరి ఆరోగ్య కమిటీ పదివేలు: సంతకం నుంచి యూసీ (వినియోగ ధ్రువపత్రం) దాకా

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలయ్యాక ఊరికో ఆరోగ్య కమిటీ, దానికి ఏటా 10,000 రూపాయల దాకా షరతుల్లేని నిధి వచ్చాయి. ఈ కమిటీలకు కాగితం పని చేసిపెట్టే మాకు అర్థమైందేమిటంటే, తగువంతా ఆ డబ్బు ఎవరి మాట మీద కదలాలన్న దగ్గరే.

మా వైపు కమిటీ ఖాతా సర్పంచ్, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త, నర్సమ్మ) ఉమ్మడి సంతకాలతో నడుస్తుంది. ఒకరిది పంచాయతీ, ఇంకొకరిది వైద్యారోగ్య శాఖ. పంచాయతీ పాలకవర్గం గడువు తీరిందా, ఖాతా బిగుసుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల స్థానంలో ప్రత్యేకాధికారులొచ్చారు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకువాళ్లు ఖాతాను పక్కన పడేస్తారు. తిరిగి తెరిపించడానికి సంతకం మార్పు కోరే కమిటీ తీర్మానం నకలు, సర్పంచ్ ఎన్నిక పత్రం లేదా ప్రత్యేకాధికారి ఉత్తర్వు, ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు, పీహెచ్‌సీ డాక్టరు గారి లేఖ ఒకేసారి పట్టుకెళ్లాలి. ఏఎన్ఎం బదిలీ అయినా ఇదే తంతు. ఆవిడ రిలీవ్ కాకముందే పాస్‌బుక్, చెక్‌బుక్, మినిట్స్ పుస్తకం అప్పగింత రాయించుకోండి. ఖాళీ చెక్కుల మీద ఆవిడ సంతకాలు ముందే తీసుకునే ఊళ్లున్నాయి. అక్కడ కమిటీ పేరుకే.

ఈ కమిటీలకు కేంద్రం ఇచ్చిన 2013 మార్గదర్శకాల ప్రకారం కనీసం 15 మంది సభ్యులు, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు, నెలకో సమావేశం. జరిగేది వేరు, మినిట్స్ పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసుకొస్తుంది. సమావేశం పంచాయతీ ఆఫీసులో పెడితే ఎస్సీ కాలనీ ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. టీకాల రోజున అంగన్‌వాడీలో పెట్టండి, ఎలాగూ పిల్లల్ని తీసుకొస్తారు.

ఇక ఖర్చు. సర్పంచులకు బ్లీచింగ్ మీద మోజు, చల్లితే అందరికీ కనబడుతుంది మరి. 40,000 లీటర్ల ట్యాంకుకు మంచి పౌడర్ 100 గ్రాములు చాలు, అంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. నీళ్లు వదిలే ముందు గంట ఆగాలి. సంచి మూతి కట్టకపోతే క్లోరిన్ ఎగిరిపోయి సున్నమే మిగులుతుంది. అసలు తాగునీరు పంచాయతీ బాధ్యత, దాని ఖర్చు పంచాయతీ నిధుల్లోంచే పెట్టాలి. ఆ మాట తీర్మానంలో రాయించడమే కమిటీ గెలుపు.

'పారిశుద్ధ్య పనులకు 10,000' అని తీర్మానంలో ఒక్క ముక్క రాస్తే డబ్బు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. ఇలా విడగొట్టాలి: 'ఎస్సీ కాలనీ బోరు దగ్గర మురుగు నిలవకుండా సిమెంటు చప్టా, 4,000, బాధ్యత వార్డు మెంబరు. 108 అందనప్పుడు కాన్పు కేసులకు ఆటో బాడుగ, 2,000, బాధ్యత ఆశా.' చిన్న అత్యవసర ఖర్చు ఆశా ముందే పెట్టి, తర్వాతి సమావేశంలో ఆమోదం తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు కూడా పుస్తకంలో ఉండాలి, లేదంటే ఆమె సొంత డబ్బు ఇరుక్కుపోతుంది.

మార్చి 31 లోపు యూసీ, ఖర్చుల పట్టిక పీహెచ్‌సీకి చేరాలి. ఆలస్యమైతే మరుసటి విడత ఆగుతుంది. ఆటోవాళ్లు బిల్లివ్వరు కాబట్టి తేదీ, రోగిని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లాడు, ఎంత తీసుకున్నాడు రాసి వోచర్ మీద సంతకం పెట్టించండి. రెవెన్యూ స్టాంపు 5,000 దాటితేనే అవసరం. అంతకు తక్కువకీ అడిగే గుమస్తాలుంటారు. రూపాయి స్టాంపు అంటించి ఇచ్చేయండి, ఫైలు వెనక్కి రాదు.