నాలుగు ప్రతులు పంపండి: కేశవన్ గురించి, మన పుస్తకాల గురించి

చెన్నైలో సొంత డబ్బుతో తెలుగు పుస్తకం వేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు ఒక విన్నపం. కట్టలు ఇంటికి రాగానే నాలుగు ప్రతులు పక్కన పెట్టండి. ఎందుకో తెలియాలంటే బి.ఎస్. కేశవన్ చేసిన పని తెలియాలి.

బళ్ళారి శామన్న కేశవన్ 1947లో కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీ బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాది అది నేషనల్ లైబ్రరీ అయింది. ఎస్ప్లనేడ్ నుంచి అలీపూర్‌లోని బెల్వెడేర్ భవనానికి మారాక, 1953 ఫిబ్రవరి 1న మౌలానా ఆజాద్ దాన్ని ప్రారంభించారు. అశుతోష్ ముఖర్జీ కుటుంబం 1949లో ఇచ్చిన 80 వేలకు పైగా పుస్తకాలు అక్కడే ఉన్నాయి. మన మద్రాసు విశ్వవిద్యాలయంలో తమిళ నిఘంటువుకు సంపాదకత్వం వహించిన వైయాపురి పిళ్ళై గారి సేకరణా అక్కడికే చేరింది.

అయితే దాతల బీరువాల్లో దాతలకు నచ్చినవే ఉంటాయి. ఊళ్ళో వేసిన శతకం, కులసంఘం కరపత్రం, బడి వ్యాకరణం ఎవరు దాస్తారు? ఏరకుండా అన్నీ తెచ్చేది చట్టమే. డెలివరీ ఆఫ్ బుక్స్ యాక్ట్ అనే ఆ చట్టం 1954లో వచ్చింది. ప్రచురణకర్త తన ఖర్చుతో, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా, కలకత్తాకు ఒకటి, మిగతా మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. ఆ మూడూ మన ఎగ్మూరులోని కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. కలకత్తాకు వెళ్ళే ప్రతి మంచి కాగితం మీద, పటాలూ బొమ్మలూ అన్నీ ఉండి, కుట్టి బైండు చేసినదై ఉండాలి. మిగతావాటికి మామూలు అమ్మకపు ప్రతి చాలు. మార్పుచేర్పులు లేని పునర్ముద్రణ పంపనక్కర్లేదు.

పంపకపోతే చట్టంలో పెట్టిన జరిమానా 50 రూపాయల దాకా, దాంతోపాటు పుస్తకం విలువ. ఆ మొత్తానికి ఎవరూ భయపడరు. పైగా సొంతంగా వేసుకున్నప్పుడు ప్రచురణకర్త తానేనని చాలామంది రచయితలు గుర్తించరు, ప్రెస్సువాళ్ళు పంపుతారనుకుంటారు. అచ్చు విజయవాడలో వేసినా, శివకాశిలో వేసినా ఆ బాధ్యత ప్రెస్సుది కాదు.

కేశవన్ చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ, అంటే దేశంలో వెలువడే పుస్తకాల జాబితా. చట్టం కింద వచ్చిన 14 భాషల పుస్తకాలనూ రోమన్ లిపిలో, విషయాల వారీగా ఒకే వరసలో పెట్టి 1958లో మొదలుపెట్టారు. చేపల పెంపకం మీద తెలుగు పుస్తకం, తమిళ పుస్తకం పక్కపక్కన కనిపిస్తాయి. కానీ రోమన్ అక్షరాల మీదా కిందా గుర్తులు పెట్టకపోతే ఎ, ఏ ఒకటైపోతాయి. ల, ళ కలిసిపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు పొడి అక్షరాలు. పేరు 'కె.వి. రావు' అని మాత్రమే ఉంటే ఇంటిపేరు ఏదో కేటలాగు రాసేవాళ్ళకు తెలియదు. అదే పేరున్న మరో ఇద్దరితో కలిపేస్తారు.

కాబట్టి అచ్చుకిచ్చేముందే టైటిల్ పేజీ వెనక ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ప్రచురణకర్త చిరునామా, ఊరు, సంవత్సరం, ఎన్నో ముద్రణో వేయించండి. సంవత్సరం లేని తెలుగు పుస్తకాలు లెక్కలేనన్ని. ప్రతులను స్పీడ్ పోస్టులో పంపి, లోపల మీ చిరునామాతో చిన్న ఉత్తరం పెట్టండి. అందిందని రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. నాలుగు రసీదులూ వచ్చేదాకా అడుగుతూ ఉండండి.