కరెంటు టవర్ల మీద ఫోటాన్ల తాళం

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేక బకెట్లు పట్టుకుని నీళ్ల కోసం తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అది గాలి చేసిన పని. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో మాత్రం హ్యాకర్లు ఎక్కడో కూర్చుని సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచేసి సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు తీసేశారు.

పరవాడ వైపు వెళ్తూ సింహాద్రి ప్లాంటు టవర్లు చూస్తే ఇదే గుర్తొస్తుంది. ఇలాంటి దాడుల్ని ఆపాలంటే గ్రిడ్‌కి వెళ్లే ఆదేశాలకు గట్టి తాళం వేయాలి కదా, దానికి క్వాంటం పద్ధతి ఒకటుంది. 1984లో శాస్త్రవేత్తలు బెనెట్, బ్రసార్డ్ చెప్పిన ఈ పద్ధతిలో సందేశాలకు తాళం వేసే రహస్య తాళంచెవిని ఒక్కో ఫోటాన్ (వెలుగు కణం) మీద పంపిస్తారు, మధ్యలో ఎవడైనా తొంగిచూస్తే ఫోటాన్ల స్థితి చెదిరి, తప్పులు పెరిగి, వాడు దొరికిపోతాడు. బాగుంది కదా? కానీ దూరం పెరిగేకొద్దీ ఫైబర్‌లోనే ఫోటాన్లు మాయమైపోతాయి. పైగా ఉక్రెయిన్‌లో దొంగ మెయిల్ తెరిచింది ఉద్యోగులే, పాస్‌వర్డులు పోయింది అలాగే. అక్కడ ఏ ఫోటానూ ఆపేది కాదు.